ఎడమచేతి వాటం వాళ్లు గిటార్‌ను ఏ పట్టులో నేర్చుకోవాలి?

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు గిటార్ నేర్చుకుంటామనగానే రెండు రకాల సలహాలు వస్తాయి. "కుడిచేతి గిటారే తీసుకో, ఎక్కడికి వెళ్లినా అవే దొరుకుతాయి" అంటారు కొందరు. "నీ వాటం ఎటుంటే అటే పట్టుకో, చేతిని బలవంతపెట్టొద్దు" అంటారు మరికొందరు. రెండూ మంచి మనసుతో చెప్పే మాటలే. కానీ చెప్పేవాళ్లెవరూ మీ చేతులు ఎలా కదులుతాయో చూసి చెప్పరు. ఆ పని మీరే చేసుకోవాలి, అదీ గిటార్ కొనకముందే. ఎలా చేసుకోవాలో ఇక్కడ వరుసగా చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: తీగలు మీటే చేయి ఏది కావాలంటుందో దాన్ని బట్టే నిర్ణయం తీసుకోవాలి. కలం పట్టే చేయి, మార్కెట్లో దొరికే గిటార్లు, ఇంట్లోవాళ్ల అభిప్రాయం, ఇవన్నీ ఆ తర్వాతే.

రెండు చేతుల పని ఏమిటి?

ఈ వ్యాసంలో రెండు మాటలు పదే పదే వస్తాయి. కుడి చేత్తో తీగలు మీటుతూ ఎడమ చేత్తో ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) మీద నొక్కడాన్ని కుడి పట్టు అంటున్నాను. దానికి అద్దంలో బొమ్మలా ఉండేది ఎడమ పట్టు: ఎడమ చేయి మీటుతుంది, కుడి చేయి నొక్కుతుంది, నెక్ (గిటార్ మెడ) మీ కుడివైపుకు ఉంటుంది.

కుడి పట్టును సమర్థించేవాళ్లు ఎక్కువగా చెప్పే వాదన ఇది: "కష్టమంతా ఫ్రెట్ల దగ్గరే ఉంది. కుడి పట్టులో ఆ పని ఎడమ చేతికి పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లకు అది అదృష్టమే కదా." వినడానికి బాగానే ఉంటుంది. కానీ అదే నిజమైతే కుడిచేతి వాటం వాళ్లంతా గిటార్‌ను ఎడమ పట్టులోకి తిప్పి పట్టుకుని ఉండేవాళ్లు. కోట్ల మంది ఇన్ని తరాలుగా తమకు పనికిరాని పట్టునే ఎంచుకున్నారని అనుకోలేం.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఫ్రెట్ల మీది చేయే కష్టంగా కనిపించడానికి కారణం ఉంది. వేళ్ల కొనలు నొప్పి పెడతాయి, తీగ సరిగా మోగక బర్రుమంటుంది, ఒక కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) నుంచి ఇంకో కార్డ్‌కు మారేసరికి పాట ఆగిపోతుంది. ఇవన్నీ కంటికి కనిపించే ఇబ్బందులు. కొన్ని నెలల సాధనతో అవి తగ్గిపోతాయి, ఎందుకంటే అక్కడ చాలావరకు వేళ్లకు స్థానాలు అలవాటు కావడమే పని. మీటే చేతి పని అలా తీరిపోయేది కాదు. లయ తప్పకుండా ఉండాలి, ఏ దెబ్బ గట్టిగా పడాలో ఏది మెత్తగా పడాలో తెలియాలి, ఆరు తీగల్లో నాలుగే తగలాలంటే నాలుగే తగలాలి, అవసరమైన చోట అరచేతి అంచుతో శబ్దాన్ని అదుపు చేయాలి. వినేవాళ్లు "ఇతను బాగా వాయిస్తాడు" అనుకునేది చాలావరకు ఈ చేతి వల్లే. వయొలిన్‌లో కమాను పట్టే చేయి కూడా అలాంటిదే.

పియానోకు ఎడమచేతి రకం లేదు కదా, గిటార్‌కు మాత్రం ఎందుకు అని అడుగుతారు. పియానోలో రెండు చేతులూ ఒకే రకం పని చేస్తాయి, మీటలు నొక్కడం. గిటార్‌లో రెండు చేతులూ పూర్తిగా వేరు వేరు పనులు చేస్తాయి. అందుకే ఏ చేతికి ఏ పని అనే ప్రశ్న ఇక్కడ గట్టిగా వస్తుంది.

అయితే ఇంకో పక్క కూడా చూడాలి. డైర్ స్ట్రెయిట్స్ అనే రాక్ బృందానికి చెందిన మార్క్ నాఫ్లర్, కింగ్ క్రిమ్సన్ బృందంలోని రాబర్ట్ ఫ్రిప్, బ్లూస్, రాక్ వాయించిన గ్యారీ మూర్, ముగ్గురూ ఎడమచేతి వాటం వాళ్లే. ముగ్గురూ కుడి పట్టులోనే వాయించారు. రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్, బీటిల్స్ బృందంలోని పాల్ మెక్‌కార్ట్‌నీ, టోనీ ఐయోమీ ఎడమ పట్టులో వాయించారు. కాబట్టి ఏ పట్టులోనైనా శిఖరానికి చేరవచ్చు. ఏ పట్టులో మీకు దారి తేలికగా ఉంటుందన్నదే మనం తేల్చుకోవాల్సింది.

మొదటి మెట్టు: మీ వాటం ఎంత గట్టిదో చూసుకోండి

ప్రపంచంలో సుమారు పది మందిలో ఒకరికి ఎడమచేతి వాటం ఉంటుంది. కానీ అందరిలోనూ అది ఒకేలా ఉండదు. కొందరు ప్రతి పనీ ఎడమ చేత్తోనే చేస్తారు. కొందరు రాసేది ఎడమ చేత్తో, బంతి విసిరేది కుడి చేత్తో. మనస్తత్వ శాస్త్రవేత్త ఓల్డ్‌ఫీల్డ్ 1971లో చేతివాటాన్ని కొలవడానికి పది పనుల జాబితా ప్రచురించారు. దానికి ఎడిన్‌బరో చేతివాటపు ప్రశ్నావళి అని పేరు. ఆ పనులు ఇవి: రాయడం, బొమ్మ గీయడం, విసరడం, కత్తెర వాడడం, పళ్లు తోముకోవడం, కత్తితో కోయడం, చెంచా పట్టుకోవడం, చీపురు పట్టినప్పుడు పైన ఉండే చేయి, అగ్గిపుల్ల గీయడం, పెట్టె మూత తీయడం.

ఒక్కోటి నిజంగా చేసి చూడండి. ఊహించి జవాబు రాసుకుంటే తప్పు రావచ్చు. అన్నీ, లేదా దాదాపు అన్నీ ఎడమ చేత్తోనే చేస్తుంటే మీ వాటం గట్టిదని అర్థం. సగం అటూ సగం ఇటూ ఉంటే మీది కలగలుపు వాటం.

నేనైతే రాతకు ఇందులో తక్కువ విలువ ఇస్తాను. చాలామందికి చిన్నప్పుడు పెద్దవాళ్లు పట్టుబట్టి కలం చేయి మార్పించి ఉంటారు. రెండు చేతులూ కలిసి చేసే పనుల్ని జాగ్రత్తగా గమనించండి: చీపురు పట్టడం, అగ్గిపుల్ల గీయడం, మూత తీయడం. సుత్తితో మేకు కొట్టడం, సూదిలో దారం ఎక్కించడం కూడా ఇందులో చేర్చుకోవచ్చు. ఒక చేయి నిలకడగా పట్టుకుంటే ఇంకో చేయి కదిలే పనులివి. గిటార్ మీద చేతులు పనిని పంచుకునే తీరు వీటికి దగ్గరగా ఉంటుంది. చప్పట్లు కొట్టేటప్పుడు ఏ చేయి కదిలి వెళ్లి రెండోదాన్ని తాకుతుందో కూడా చూడండి.

రెండో మెట్టు: గిటార్ చేతిలోకి తీసుకుని పరీక్షించండి

దీనికి ఎడమచేతి గిటార్ అక్కర్లేదు. స్నేహితుల దగ్గర ఉన్న మామూలు కుడిచేతి అకూస్టిక్ గిటార్ చాలు. బాడీకి కట్‌అవే (నెక్ పక్కన లోపలికి కోసిన వంపు) లేనిదైతే ఇంకా మంచిది, రెండు పక్కలకూ ఒకేలా ఒడిలో కూర్చుంటుంది. మనం తీగల్ని మూసేసి పరీక్షిస్తాం కాబట్టి తీగల వరుస తలకిందులైనా తేడా రాదు.

ముందుగా కళ్లు మూసుకుని మీకు బాగా తెలిసిన పాట ఒకటి మనసులో పాడుకుంటూ, చేతిలో గిటార్ ఉన్నట్టు గాల్లో వాయించండి. ఏ చేయి ఊగుతోంది? దీన్ని ఒక సూచనగా మాత్రమే తీసుకోండి. చుట్టూ చూసినవాళ్లంతా కుడి పట్టులో వాయిస్తుంటే మన చేతులు వాళ్లను అనుకరించవచ్చు.

ఇప్పుడు గిటార్‌ను కుడి పట్టులో పట్టుకోండి. ఎడమ చేతి వేళ్లను తీగలన్నిటి మీదా తేలికగా ఆనించండి, గట్టిగా నొక్కొద్దు. మీటితే "చక్ చక్" అని మూగ శబ్దం రావాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ (సమానంగా టిక్ టిక్ అంటూ లయ చూపే యాప్) పెట్టి వేగాన్ని నిమిషానికి 60 దెబ్బల దగ్గర ఉంచండి. పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) గానీ బొటనవేలితో గానీ ఒక్కో దెబ్బకు ఒకసారి కిందికి మీటండి. రెండు నిమిషాలు. ఆ తర్వాత ఒక్కో దెబ్బకు కిందికీ పైకీ, ఇంకో రెండు నిమిషాలు. తర్వాత నాలుగు లెక్కపెడుతూ రెండోదాన్నీ నాలుగోదాన్నీ మాత్రమే గట్టిగా మీటండి. చివర్లో అసలు పరీక్ష: మీటుతూనే వంద నుంచి వెనక్కి అంకెలు చెప్పండి, లేదా ఎదుటివాళ్లతో మాట్లాడండి. మనసు వేరే చోటికి వెళ్లినా చేయి లయను నిలబెట్టుకుంటోందా, లేక తడబడి ఆగిపోతోందా?

గిటార్‌ను తిప్పి ఎడమ పట్టులో ఇవే మళ్లీ చేయండి. రెండింటినీ ఫోన్‌లో రికార్డ్ చేయండి.

ఒక్క రోజులో తేల్చేయొద్దు. ఒక వారం పాటు రోజూ కాసేపు చేయండి. ఈరోజు కుడి పట్టుతో మొదలుపెడితే రేపు ఎడమ పట్టుతో మొదలుపెట్టండి, ఎందుకంటే రెండోసారి చేసేది ఎప్పుడూ కొంచెం మెరుగ్గానే వస్తుంది. వారం చివర రికార్డింగ్‌లను ఇంకొకరికిచ్చి, ఏది ఏ పట్టో మీకు చెప్పకుండా వినిపించమనండి. లయ ఎక్కడ నిలకడగా ఉందో చెవికి తెలిసిపోతుంది. మీటేటప్పుడు భుజం బిగుసుకుపోవడం, మణికట్టు కదలకుండా మోచేయి మొత్తం ఊగడం, ఇవి కూడా గమనించాల్సినవే. సహజమైన చేయి త్వరగా వదులవుతుంది.

ఈ పరీక్షలో ఫ్రెట్ల మీద నొక్కే చేతిని నేను కావాలనే పక్కన పెట్టాను. కొత్తలో ఏ చేయి నొక్కినా అసౌకర్యంగానే ఉంటుంది, కుడిచేతి వాటం వాళ్లకైనా అంతే. "ఈ పట్టులో కార్డ్ రావట్లేదు" అన్నది తప్పు పట్టుకు గుర్తు కాదు. ఒక్క సందర్భంలో మాత్రం నొక్కే చేయి నిర్ణయాన్ని మార్చేయాలి. ఒక చేతి వేళ్లలో పాత దెబ్బ, సరిగా వంగని కీలు, తెగిన కొన లాంటివి ఉంటే ఆ చేతికి మీటే పని ఇవ్వడం మేలు. నొక్కడానికి నాలుగు వేళ్లూ కావాలి, పిక్ పట్టడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు.

పిల్లల విషయంలో ఇంత పరీక్ష పెట్టొద్దు. గిటార్‌ను నిలువుగా, నెక్ పైకి ఉండేలా ఎదురుగా పెట్టి ఇవ్వండి. వాళ్లు దాన్ని ఏ పక్కకు తీసుకుంటారో వేరు వేరు రోజుల్లో చూడండి. ప్రతిసారీ ఒకే పక్కకు తీసుకుంటుంటే అటే పోనివ్వండి, సరిచేయొద్దు.

మూడో మెట్టు: నిర్ణయం తీసుకోండి

ఎడమ చేయి మీటినప్పుడు లయ స్పష్టంగా బాగుండి, మొదటి మెట్టులోని పనులు కూడా ఎక్కువగా ఎడమ చేత్తోనే వస్తే, ఎడమ పట్టులో నేర్చుకోండి. ఎవరు ఏమన్నా పట్టించుకోవద్దు. దొరకడం కష్టమనే ఒక్క కారణంతో ఇలాంటివాళ్లను కుడి పట్టుకు మార్చడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. వాయిద్యం పట్టుకోగానే చేయి పరాయిదిలా అనిపిస్తే చాలామంది సాధన మానేస్తారు. తమకు సంగీతం రాదనుకుంటారు గానీ, పట్టు తప్పని అనుకోరు.

రెండు చేతులూ దాదాపు సమానంగా ఉన్నా, కుడి చేయే కొంచెం మెరుగ్గా ఉన్నా, కుడి పట్టు ఎంచుకోండి. ఇక్కడ బయటి సౌకర్యాలకు విలువ ఇవ్వడం సరైనదే. ఏ దుకాణానికి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా, ఏ వేదిక మీదైనా కుడిచేతి గిటార్ ఉంటుంది. ఎడమచేతి గిటార్లలో మోడల్స్ తక్కువ, పాతవి కొనాలన్నా అమ్మాలన్నా వెతుక్కోవాలి. పిల్లల చిన్న సైజుల్లో ఇవి ఇంకా తక్కువ.

పాశ్చాత్య శాస్త్రీయ గిటార్‌ను సీరియస్‌గా నేర్చుకోవాలనుకుంటే ముందు గురువుతో మాట్లాడండి. ఆ పద్ధతిలో కూర్చునే తీరు, పాఠాలు, సమూహంగా వాయించే ఏర్పాట్లు అన్నీ కుడి పట్టును దృష్టిలో పెట్టుకుని తయారైనవే. ఎడమ పట్టు విద్యార్థిని ఇష్టంగా తీసుకునే గురువు దొరికితే ఇబ్బంది లేదు.

నిర్ణయం అయ్యాక అటూ ఇటూ మార్చుకోవద్దు. ఒక వారం ఇటు, ఒక వారం అటు వాయిస్తే రెండు చేతులకూ ఏదీ అలవాటు కాదు.

నాలుగో మెట్టు: గిటార్ ఎంచుకోండి

కుడి పట్టు ఎంచుకున్నవాళ్లకు ఇక్కడ చెప్పాల్సింది ఏమీ లేదు, నచ్చిన గిటార్ కొనుక్కోండి. ఎడమ పట్టు వాళ్లకు మూడు దారులున్నాయి.

మొదటిది, అసలైన ఎడమచేతి గిటార్. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను ఇదే చెబుతాను. దొరికే రకాలు తక్కువే అయినా, మొదటి గిటార్‌కు పది రకాలు అక్కర్లేదు, శ్రుతిలో నిలబడే ఒక్కటి చాలు. కొనేటప్పుడు అది నిజంగా ఎడమచేతిదేనా, ఎవరో కుడిచేతి గిటార్‌కు తీగలు మార్చి అమ్ముతున్నారా అని చూసుకోండి. వాయించే భంగిమలో పట్టుకుంటే లావు తీగ పైన, మీ ముఖానికి దగ్గరగా ఉండాలి. నెక్ పై అంచు మీద, మీకు కనిపించే వైపున చిన్న చుక్కలు ఉండాలి. పిక్‌గార్డ్ (పిక్ గీతలు పడకుండా బాడీ మీద అతికించిన రేకు) ఉంటే అది తీగలకు కింది వైపున ఉండాలి. స్టీల్ తీగల అకూస్టిక్ అయితే శాడిల్ (బాడీ మీద తీగలు ఆనే సన్న పట్టీ) ఏటవాలుగా ఉంటుంది. లావు తీగ వైపు అది నట్‌కు (నెక్ పై చివర తీగలు ఆనే గాడుల పట్టీకి) కాస్త ఎక్కువ దూరంలో ఉండాలి.

రెండో దారి, కుడిచేతి గిటార్‌ను తిప్పి తీగల వరుస మార్చడం. జిమీ హెండ్రిక్స్ చేసింది ఇదే. స్ట్రాటోకాస్టర్ అనే కుడిచేతి ఎలక్ట్రిక్ గిటార్‌ను తలకిందులు చేసి, లావు తీగ పైకి వచ్చేలా మళ్లీ కట్టుకుని వాయించాడు. వినడానికి తేలికే. కానీ తీగలు అటూ ఇటూ మార్చేస్తే పని అయిపోదు.

నట్ దగ్గర మొదలవుతుంది ఇబ్బంది. లైట్ గేజ్ (సన్న రకం) అకూస్టిక్ తీగల సెట్‌లో సన్న తీగ 0.012 అంగుళాలు, లావు తీగ 0.053 అంగుళాలు ఉంటుంది. నట్‌లోని గాడులు ఆ లావుల ప్రకారమే కోసి ఉంటాయి. వరుస తిప్పితే లావు తీగ సన్న గాడిలో దిగక పైనే నిలబడిపోతుంది, సన్న తీగ వెడల్పు గాడిలో వదులుగా కదిలి బర్రుమంటుంది. కొత్త నట్ వేయించాలి, అది గిటార్లు బాగుచేసేవాళ్లతోనే చేయించాలి.

తర్వాతది శాడిల్. లావు తీగను ఫ్రెట్ మీద నొక్కితే శ్రుతి కొంచెం ఎక్కువ పెరుగుతుంది. దాన్ని సరిచేయడానికే శాడిల్‌ను ఆ వైపు వెనక్కి జరిపి ఏటవాలుగా పెడతారు. వరుస తిప్పితే ఆ ఏటవాలు ఉల్టా అవుతుంది. ఓపెన్ తీగలు (ఫ్రెట్ నొక్కకుండా మీటేవి) శ్రుతిలోనే ఉంటాయి, కానీ నెక్ మీద పైకి వెళ్లేకొద్దీ లావు తీగలు హెచ్చుగా, సన్న తీగలు తగ్గుగా పలుకుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది గిటార్ లోపమని తెలియదు. తమ వేళ్లదే తప్పనుకుని తంటాలు పడతారు. అకూస్టిక్‌లో దీన్ని సరిచేయాలంటే బ్రిడ్జ్‌లోని (శాడిల్‌ను పట్టి ఉంచే చెక్కలోని) గాడిని పూడ్చి కొత్తగా కోయాలి. చవక గిటార్ మీద అంత పని చేయించడం దండగ.

నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ మాత్రం మార్పుకు అనుకూలం. దాని శాడిల్ సాధారణంగా తిన్నగానే ఉంటుంది, పిక్‌గార్డ్ ఉండదు, బాడీ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. చాలావరకు నట్ మారిస్తే సరిపోతుంది.

ఎలక్ట్రిక్‌లో ఎక్కువ మోడల్స్‌కు ఒక్కో తీగ శాడిల్‌ను స్క్రూతో ముందుకూ వెనక్కూ జరపవచ్చు కాబట్టి శ్రుతి సమస్య తీరుతుంది. ఇబ్బంది వేరే చోట వస్తుంది. వాల్యూమ్ నాబ్‌లు ముంజేయి కిందికి వచ్చి మీటేటప్పుడు తిరిగిపోతుంటాయి. లోతైన కట్‌అవే పైకి వెళ్లిపోవడంతో పై ఫ్రెట్లు అందవు. భుజానికి వేసుకునే పట్టీని తగిలించే స్ట్రాప్ బటన్ చోటు మార్చాలి. ఆకారం రెండు వైపులా ఒకేలా ఉన్న గిటార్లలో ఈ బాధ తక్కువ. పాల్ మెక్‌కార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో వయొలిన్ ఆకారపు హాఫ్‌నర్ బేస్ గిటార్‌ను ఎంచుకోవడానికి ఒక కారణం ఇదే. ఆ ఆకారం ఏ పక్కకు పట్టుకున్నా వింతగా కనిపించదని ఆయనే చెప్పారు.

మూడో దారి, కుడిచేతి గిటార్‌ను తిప్పి, తీగలు మార్చకుండా అలాగే వాయించడం. సన్న తీగ పైన, లావు తీగ కింద. బ్లూస్‌లో ఆల్బర్ట్ కింగ్, సర్ఫ్ సంగీతంలో డిక్ డేల్, జానపద సంగీతంలో ఎలిజబెత్ కాటన్ ఇలాగే వాయించారు. కాటన్ బొటనవేలితో రాగాన్ని, మిగతా వేళ్లతో కింది స్వరాలను మీటేవారు. మామూలు ఫింగర్‌స్టైల్‌కు (వేళ్లతో మీటే పద్ధతికి) ఇది పూర్తి వ్యతిరేకం, ఆ ధ్వని కూడా ఆమెకే సొంతమైంది. ఆల్బర్ట్ కింగ్ సన్న తీగలను కిందికి లాగి బెండ్ చేసేవాడు, అంటే స్వరాన్ని పైకి వంచేవాడు. వీళ్లంటే నాకు ఎంతో గౌరవం. అయినా కొత్తవాళ్లకు ఈ దారి చెప్పలేను. ఎవరి గిటార్ దొరికినా వాయించగలగడం నిజంగా గొప్ప సౌకర్యమే. కానీ పుస్తకాల్లోని కార్డ్ ఆకారాలు ఏవీ మీకు సరిపోవు, కిందికి మీటితే సన్న తీగలు ముందు మోగుతాయి, దారి చూపే గురువు దొరకడం కష్టం. ఇప్పటికే సొంతంగా ఇలా నేర్చుకుని హాయిగా వాయిస్తున్నవాళ్లు మాత్రం మార్చుకోవాల్సిన పని లేదు.

ఐదో మెట్టు: ఎడమ పట్టులో పాఠాలు చదవడం

ట్యాబ్‌లో (గీతల మీద అంకెలతో రాసే గిటార్ లిపిలో) ఏమీ మారదు. ఆరు గీతలు ఆరు తీగలు, అంకె ఏ ఫ్రెట్ నొక్కాలో చెబుతుంది. శ్రుతి కూడా అదే: లావు తీగ నుంచి ఇ, ఏ, డి, జి, బి, ఇ. తీగల సెట్లు, పిక్‌లు, ట్యూనర్ అన్నీ అందరికీ ఒకటే. వేళ్ల అంకెలు కూడా అవే, చూపుడువేలు ఒకటి, చిటికెనవేలు నాలుగు.

మారేది కార్డ్ బొమ్మలే. మామూలు బొమ్మలో లావు తీగ ఎడమ చివర ఉంటుంది. మీ గిటార్‌ను నిలబెట్టి ఎదురుగా చూస్తే అది కుడి చివర ఉంటుంది. ఎడమచేతివాళ్ల కోసం తిప్పి వేసిన బొమ్మలు దొరుకుతాయి, చాలా యాప్‌లలో ఆ సెట్టింగ్ ఉంటుంది. మొదట్లో వాటినే వాడండి. కానీ మామూలు బొమ్మను చూసి మనసులో తిప్పుకోవడం కూడా మెల్లగా అలవాటు చేసుకోండి. పాటల పుస్తకాలన్నీ మామూలు బొమ్మలతోనే వస్తాయి. దీనికి మంచి పద్ధతి ఒకటుంది: బొమ్మను బొమ్మగా కాకుండా మాటల్లో చదవడం. తీగల్ని సన్న తీగ నుంచి లెక్కపెడతారు. ఉదాహరణకు సి మేజర్: ఐదో తీగ మూడో ఫ్రెట్ ఉంగరపు వేలు, నాలుగో తీగ రెండో ఫ్రెట్ మధ్య వేలు, రెండో తీగ మొదటి ఫ్రెట్ చూపుడువేలు. ఈ మాటల్లో కుడి ఎడమలు లేవు. ఇలా ఎనిమిది పది కార్డ్‌లు చదివేసరికి బొమ్మ ఎటున్నా తికమక ఉండదు.

వీడియో పాఠాల్లో మీకు నిజంగా లాభమే. కుడి పట్టు గురువు తెర మీద ఎదురుగా కూర్చుంటే మీకు అద్దంలో చూస్తున్నట్టే ఉంటుంది. ఆయన నెక్ ఎటుందో మీ నెక్ కూడా అటే. అదే కారణంతో, నేరుగా నేర్పే గురువును పక్కన కాకుండా ఎదురుగా కూర్చోమని అడగండి.

ఇప్పటికే కుడి పట్టులో మొదలుపెట్టి సందేహపడుతుంటే

ముందు మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నదేమిటో విడదీసి చూడండి. కార్డ్‌లు మారడం ఆలస్యం, వేళ్ల నొప్పి, ఎఫ్ లాంటి బార్ కార్డ్ (ఒక వేలిని అడ్డంగా పెట్టి తీగలన్నీ నొక్కే కార్డ్) రాకపోవడం, ఇవి అందరికీ ఉండేవే. వాటి కోసం పట్టు మార్చొద్దు. చాలా నెలల సాధన తర్వాత కూడా కార్డ్‌లు బాగానే వస్తున్నా స్ట్రమ్మింగ్ (లయగా తీగలు మీటడం) మాత్రం బిగుసుకుపోయి ఉంటే, మాట్లాడుతూ వాయించలేకపోతుంటే, రెండో మెట్టు పరీక్ష ఎడమ పట్టులో చేయండి. నేర్చుకోని చేయి కూడా కొద్ది రోజుల్లోనే నేర్చుకున్న చేతిని దాటిపోతే మార్పు గురించి ఆలోచించవచ్చు.

ఎన్నేళ్ల నుంచి వాయిస్తున్నారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్లాక్ సబ్బాత్ బృందానికి చెందిన టోనీ ఐయోమీ ఎడమ పట్టులో వాయించేవాడు. 1965లో, పదిహేడేళ్ల వయసులో, బర్మింగ్‌హామ్‌లోని లోహపు రేకుల ఫ్యాక్టరీలో జరిగిన ప్రమాదంలో అతని కుడి చేతి మధ్య వేలు, ఉంగరపు వేలు కొనలు తెగిపోయాయి. అతనికి అది ఫ్రెట్లు నొక్కే చేయి. పట్టు మార్చేస్తే ఆ వేళ్ల సమస్యే ఉండేది కాదు. అప్పటికే కొన్నేళ్ల సాధన ఉండటంతో అతను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోకుండా, కరిగించిన ప్లాస్టిక్‌తో వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్న తీగలు కట్టుకుని అదే పట్టులో కొనసాగాడు. వారాల అలవాటును మార్చుకోవడం తేలిక. ఏళ్ల అలవాటు అయితే బలమైన కారణం లేకుండా కదపొద్దు.

క్లాసులో ఎక్కడ కూర్చోవాలి

నలుగురితో కలిసి నేర్చుకునేటప్పుడు ఎడమ పట్టు వాళ్లకు ఎదురయ్యే మొదటి ఇబ్బంది నెక్‌లు ఒకదానికొకటి తగలడం. కుడి పట్టు వాళ్ల నెక్‌లన్నీ వాళ్ల ఎడమవైపుకు ఉంటాయి, మీది మీ కుడివైపుకు. కాబట్టి వరుసలో అందరికంటే కుడి చివరన కూర్చోండి. మీ నెక్ వరుస బయటికి ఉంటుంది, పక్కవాళ్ల నెక్ మీ నుంచి దూరంగా ఉంటుంది. ఎడమ చివరన కూర్చుంటే రెండు నెక్‌లూ ఢీకొంటాయి. బృందంతో వేదిక మీద నిలబడినా ఇదే లెక్క.

ఇంకొక్కటి. ఎడమ పట్టు వాళ్లు బయట వాయించడానికి వెళ్లేటప్పుడు సొంత గిటార్‌తో పాటు అదనపు తీగల సెట్ ఒకటి బ్యాగులో పెట్టుకోవాలి. తీగ తెగితే అరువు అడగడానికి అక్కడ ఇంకో ఎడమచేతి గిటార్ ఉంటుందనుకోవడానికి లేదు.